ఓడిన జట్టుకు తొలి నాయకుడు: కల్నల్ సి.కె. నాయుడు



మా కంచరపాలెంలో క్రికెట్ తెలియని ఇల్లు లేదు. రైల్వే ఉద్యోగుల పిల్లలు, పోర్టు పనివారి పిల్లలు, ఆటో నడిపేవారి పిల్లలు, ఖాళీ స్థలం ఎంత చిన్నదైనా మూడు పుల్లలు పాతేసి ఆట మొదలుపెడతారు. మధురవాడ స్టేడియంలో పెద్ద ఆట పడిందంటే ఆ వారమంతా ఊర్వశి జంక్షన్ టీ కొట్ల దగ్గర వేరే మాట ఉండదు. మా సంఘ యౌవనస్థులూ అందులో వెనుకబడినవారు కారు. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. స్కోరెంత అని మేమూ అడిగేవారమే.

అయితే ఒక సంగతి గమనిస్తున్నాము. జట్టు గెలుస్తున్నన్నాళ్లూ అది మన జట్టు. వరుసగా మూడు ఆటలు ఓడితే వాళ్ల జట్టు అయిపోతుంది. మరుసటి వారానికి ఒంటి మీద చొక్కా రంగు కూడా మారుతుంది. హైదరాబాదు పేరుతో ఆడిన డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచింది. ఆ జట్టే 2009లో కప్పు తెచ్చింది. కప్పు వచ్చిన రోజున బాణసంచా కాల్చినవారిలో, ఓడిన ఏడాది ఆ జట్టు పేరు చెప్పుకున్నవారు ఎందరు?

ఈ అలవాటు ఆటతో ఆగితే సంపాదకీయం రాయవలసిన పని లేదు. ఇది మందిరం గుమ్మం దాటి లోపలికి వస్తున్నది. పాటల బృందం బాగున్నంతకాలం మన సంఘం. కాపరి మంచాన పడితే, కానుకలు తగ్గితే, పెద్దల మధ్య మాటపట్టింపులు వస్తే, అది వాళ్ల సంఘం. బండి ఎక్కి నాలుగు కిలోమీటర్ల అవతలి పెద్ద మందిరానికి వెళ్లిపోవడం ఈ రోజుల్లో ఎంతో సులభం. అందుకే ఈ వారం ఒక ఆటగాని జీవితాన్ని మీ ముందుంచుతున్నాము. ఆయన మన విశ్వాసంలోని వ్యక్తి కారు. ఆయనను మనవానిగా చేసి చూపే ఉద్దేశమూ మాకు లేదు. కానీ ఓడిపోయే జట్టులో నిలబడడమంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

కొట్టారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. పూర్వీకులది మన మచిలీపట్నం. తాతగారు, తండ్రిగారు న్యాయవాద వృత్తిలో పేరున్నవారు. స్కాట్లండు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ పేరుతో నడిచిన నాగపూర్ పాఠశాలలో ఆయన చదువుకున్నారు. పాఠశాల జట్టులోనే ఆయన ఆట నలుగురి కంట పడింది.

ఆ రోజుల్లో బొంబాయిలో జరిగే పెద్ద పోటీలో జట్లు మతాన్నిబట్టి ఉండేవి. యూరోపియన్లు ఒక జట్టు, పార్సీలు ఒకటి, హిందువులు ఒకటి, ముస్లిములు ఒకటి. 1916లో హిందువుల జట్టు తరఫున నాయుడు మొదటిసారి దిగారు. ఆయన ఖాతాలో పడిన మొదటి పరుగులే సిక్సరు. 1923లో హోల్కర్ మహారాజు పిలుపు మీద ఇండోరు చేరి, ఆ సంస్థానపు సైన్యంలో అధికారి అయ్యారు. కల్నల్ అన్న మాట అలా ఆయన పేరుకు ముందు చేరింది.

1926 డిసెంబరులో ఇంగ్లండు నుండి ఎం.సి.సి. జట్టు బొంబాయికి వచ్చింది. ఆ జట్టు మీద నాయుడు 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. పాలించేవారి ఆటలో పాలితులు వారితో సరితూగగలరని ఆ మధ్యాహ్నం మైదానంలో ఉన్నవారందరికీ తెలిసిపోయింది. ఆ పర్యటన తరువాత 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడడానికి లండన్‌లోని లార్డ్స్ మైదానానికి వెళ్లింది. పర్యటనకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. రాజులు జట్లకు డబ్బు పెట్టే కాలమది, నాయకత్వమూ వారికే దక్కేది. కానీ పోర్‌బందర్ మహారాజు తన ఆట ఎంతటిదో తెలిసిన మనిషి. టెస్టు రోజున పక్కకు తప్పుకొని ఆ స్థానాన్ని నాయుడుకు ఇచ్చారు. ఆ విధంగా 36 ఏళ్ల తెలుగువాడు భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యారు.

జూన్ 25 శనివారం ఆట మొదలైంది. 19 పరుగులకే ఇంగ్లండు వికెట్లు మూడు పడ్డాయి. మరునాడు ఆదివారం గనుక ఆట లేదు, ఆ దేశంలో అప్పటి క్రమం అది. సోమ, మంగళవారాల్లో ఆట మన చేయి జారింది. చేతికి దెబ్బ తగిలి ఉన్నా నాయుడు 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అదే పెద్ద స్కోరు. చివరకు మన జట్టు 158 పరుగుల తేడాతో ఓడింది. ఆ పర్యటనలోని ఫస్ట్‌క్లాస్ ఆటల్లో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. మరుసటి ఏడాది విజ్డెన్ గ్రంథం ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగాళ్లలో ఆయనను చేర్చింది.

ఇక్కడ నిబంధనల సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆ టెస్టులో ఇంగ్లండు కెప్టెన్ డగ్లస్ జార్డిన్. అదే ఏడాది చివర ఆయన ఆస్ట్రేలియా వెళ్లి, ఆటగాళ్ల శరీరానికి గురిపెట్టి బంతులు వేయించారు. కాలి వైపు ఫీల్డర్లను గుమిగూర్చి, తప్పించుకోబోయే ప్రతి బంతినీ క్యాచ్ పట్టించే పన్నాగం అది. బాడీలైన్ అని దానికి పేరు. పుస్తకంలోని ఏ నిబంధననూ ఆయన మీరలేదు. అయినా అది ఆట కాదని లోకమంతా గుర్తించింది, తరువాత నిబంధనలే మార్చవలసి వచ్చింది. అక్షరాన్ని పట్టుకొని ఆత్మను చంపడం మనకు కొత్త విషయం కాదు. పరిసయ్యులు విశ్రాంతి దినపు నియమం ఒక్కటీ తప్పలేదు, కానీ చేయి ఊచగల్లినవాడు బాగుపడితే ఓర్వలేకపోయారు. నిబంధన తప్పి ఆడినవానికి బహుమానం లేదని పౌలు తిమోతికి బోధించాడు. నిబంధన తప్పకుండానే పొరుగువాని పక్కటెముకలు విరిచేవాని సంగతి కూడా దేవుడు చూస్తాడు.

అదే జార్డిన్ 1933లో మన దేశానికి వచ్చినప్పుడు మన కెప్టెన్ నాయుడు. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, భారతీయుని మొదటి టెస్టు శతకం సాధించారు. అవతలి కొసన నిలిచి 67 పరుగులతో ఆయనకు తోడున్నది నాయుడు. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. అయినా బొంబాయిలో ఓడాము, కలకత్తాలో ఆట తేలలేదు, మద్రాసులో మళ్లీ ఓడాము. నాయకుడుగా నాయుడుకు దక్కినవి నాలుగు టెస్టులు. మూడు ఓటములు, ఒక డ్రా. గెలుపు ఒక్కటీ లేదు.

1936లో నాయకత్వం ఆయనకు రాలేదు. అది మన విజయనగరం రాజకుమారుడు విజ్జీకి వెళ్లింది. విజ్జీ క్రికెట్‌ను ప్రేమించారు, డబ్బు ఖర్చుపెట్టారు, అందులో సందేహం లేదు. కానీ మైదానంలో ఆయన బలం తక్కువ, మూడు టెస్టుల్లో 33 పరుగులే చేశారు. జట్టు వర్గాలుగా చీలింది. పర్యటన మధ్యలోనే అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు. అలాంటి జట్టులో, ఒకప్పుడు తనదైన కుర్చీలో మరొకరు కూర్చొని ఉండగా, నలభై ఏళ్ల నాయుడు ఆటగానిగా మూడు టెస్టులూ ఆడారు. ఓవల్ మైదానంలో గబ్బీ ఆలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలింది. ఆయన క్రీజు వదలలేదు. ఆ ఇన్నింగ్సులో 81 పరుగులు చేశారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే చివరి టెస్టు. ఆ ఆట కూడా ఓడాము.

చదువరులారా, ఇక్కడ కాసేపు ఆగుదాం. మన సంఘాల్లో కార్యదర్శి పదవి పోగానే ఆరాధనకు రావడం మానేసినవారు ఉన్నారు. కమిటీలో పేరు లేదని పండుగనాడు వెనుక బల్ల మీద ముఖం తిప్పుకొని కూర్చునేవారు ఉన్నారు. ఇంకొందరు మరో అడుగు వేసి, నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకొని వేరే బోర్డు కట్టుకుంటారు. పోర్‌బందర్ మహారాజు కుర్చీ ఇచ్చి గౌరవం పొందారు. నాయుడు కుర్చీ పోయినా ఆట మానక గౌరవం పొందారు. ఈ రెండు పాఠాలూ మన సంఘ పెద్దలకు అవసరమే.

భారత జట్టు ఆడిన మొదటి ఏడు టెస్టుల్లోనూ నాయుడు ఉన్నారు. ఐదు ఓడాము, రెండు తేలలేదు. మొదటి గెలుపు 1952 ఫిబ్రవరిలో మద్రాసులో ఇంగ్లండు మీద వచ్చింది. అది మన దేశం ఆడిన 25వ టెస్టు. ఇరవై ఏళ్లు పట్టింది. ఆ గెలుపునాటి కెప్టెన్ విజయ్ హజారే, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి. బొంబాయి మత జట్ల పోటీలో మనవారికి చాలాకాలం చోటే లేదు. 1937లో మిగిలినవారందరికీ కలిపి రెస్ట్ అనే జట్టు పెట్టినప్పుడు హజారే వంటివారికి అందులో చోటు దొరికింది. ఒక ఫైనల్‌లో ఆ జట్టు మొత్తం 387 పరుగులు చేస్తే, అందులో 309 హజారేవే. అయినా ఆ జట్టు ఇన్నింగ్సు తేడాతో ఓడింది. ఓడిన జట్టులో విత్తినవాడు వేరే రోజున, వేరే మైదానంలో కోశాడు. నాయుడు విత్తినదానిని కూడా ఆ రోజున హజారే కోశాడని చెప్పాలి.

టెస్టులు ముగిసినా నాయుడు ఆట ముగియలేదు. ఆయన కాలంలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. క్రమశిక్షణలో కఠినుడు, మొదట తన మీదే కఠినుడు. యాభై దాటిన వయసులో బొంబాయి జట్టు మీద ఆడుతుండగా దత్తూ ఫడ్కర్ బంతి మూతికి తగిలి రెండు పళ్లు ఊడాయి. ఆయన బయటకు వెళ్లలేదు, వేగం తగ్గించనూ వద్దన్నారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగినప్పుడు దానికి నాయకత్వం వహించినది 58 ఏళ్ల నాయుడు. గెలుపు మరిగిన హోల్కర్ ఎక్కడ, పేరైనా కుదురుకోని ఆంధ్ర ఎక్కడ! ఆ ఏడు కప్పు రాలేదు. దశాబ్దాలు గడిచినా ఆంధ్ర చేతికి రంజీ కప్పు రాలేదు. కానీ మన జట్టు మొదటి పేజీలో ఉన్నది ఆయన పేరే.

నిబంధనల గురించి మా అభిప్రాయం మరొకటి కూడా చెప్పేస్తాము. ఐ.పి.ఎల్.లో 2023 నుండి ఇంపాక్ట్ ప్లేయర్ పద్ధతి వచ్చింది. ఆట మధ్యలో ఒకరిని తీసి మరొకరిని దింపవచ్చు. బ్యాటింగు చేసినవాడు బంతి వేయనక్కరలేదు, బంతి వేసేవాడు బ్యాటు పట్టనక్కరలేదు. చూడడానికి సరదాగానే ఉంటుంది, కానీ మాకు నచ్చలేదు. అది తీసేస్తేనే మంచిది. ఎండలో నిలబడి బంతి వేసి, ఫీల్డింగు చేసి, దెబ్బ తగిలినా బ్యాటు పట్టే మనిషి అవసరం లేదని అది పిల్లలకు నేర్పుతుంది. సంఘంలోనూ ఇదే కోరిక పెరుగుతున్నది. పాటకు ఒకరు రావాలి, ప్రసంగానికి బయటినుండి పేరున్నవారు రావాలి. కుర్చీలు సర్దడానికి, జబ్బుపడినవారి ఇంటికి వెళ్లడానికి, ఉపవాస ప్రార్థనలో మోకరించడానికి మాత్రం ఎవరూ లేరు.

నాయుడు 61 ఏళ్ల వయసులో కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూశారు. టెస్టు లెక్క చూస్తే ఏడు ఆటలు, 350 పరుగులు, ఒక్క శతకమూ లేదు, ఒక్క గెలుపూ లేదు. ఆ అంకెలు మాత్రమే చూసినవానికి, ఆయన పేరు మీద నేటికీ యువకుల పోటీ ఎందుకు నడుస్తున్నదో, జీవిత సాఫల్య పురస్కారం ఎందుకు ఇస్తున్నారో అర్థం కాదు.

పౌలు చెరసాలలో ఉన్నప్పుడు దేమా ఈ లోకాన్ని ప్రేమించి వెళ్లిపోయాడు. లూకా మాత్రం దగ్గరే ఉండిపోయాడు. ఆ రోజున చూసేవారికి పౌలుది ఓడిపోయిన జట్టే.

మీ మందిరంలో ఈ ఆదివారం కుర్చీలు సగం ఖాళీగా ఉండవచ్చు. పాట శ్రుతి తప్పవచ్చు. కాపరి గొంతు బలహీనంగా ఉండవచ్చు. యౌవనస్థులారా, ఆట చూడండి, ఆడండి, మన జట్టు ఓడిన రోజున కూడా దాని పేరు చెప్పుకోండి. మీ సంఘాన్ని మాత్రం ఓడుతున్నదని విడిచిపెట్టకండి. ఖాళీగా ఉన్న ఆ కుర్చీల్లో ఒకటి మీదే. ప్రభువు మనందరికీ నిలిచి ఉండే కృప దయచేయును గాక. ఆమేన్.