గాజు పని కుర్రాడి గీతలు

ఫ్రాన్‌హోఫర్ పేరు మనందరం ఫిజిక్స్ ల్యాబ్‌లో విన్నదే. డిఫ్రాక్షన్ గురించి రికార్డులో రాసేస్తాం, వైవా అవగానే మర్చిపోతాం. కానీ ఆ మనిషి కథ రికార్డులో పట్టేది కాదు.

జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ 1787లో జర్మనీలోని బవేరియాలో పుట్టాడు. నాన్న గాజు పనివాడు. పదకొండేళ్లకే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. మ్యూనిక్‌లో అద్దాలు చేసే ఒక యజమాని దగ్గర పనికి పెట్టారు. జీతం లేదు. యజమాని బడికి పంపడు, పుస్తకం చదవనివ్వడు.

1801లో ఆ ఇల్లు కూలిపోయింది. యజమాని భార్య చనిపోయింది. పద్నాలుగేళ్ల జోసెఫ్‌ని మాత్రం శిథిలాల కింద నుంచి ప్రాణాలతో తీశారు. అక్కడికి వచ్చిన బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ అతనికి డబ్బిచ్చాడు. ఉట్జ్‌ష్నైడర్ అనే పెద్దమనిషి పుస్తకాలిచ్చాడు. ఆ డబ్బుతో జోసెఫ్ గాజు అరగదీసే మెషిన్ కొన్నాడు, యజమానికి కొంత కట్టి ఆ పని నుంచి బయటపడ్డాడు.

తర్వాత ఉట్జ్‌ష్నైడర్ కంపెనీలోనే చేరి లెన్సుల గాజు తయారుచేశాడు. మంచి లెన్స్ కావాలంటే ఏ గాజు ఏ రంగుని ఎంత వంచుతుందో కచ్చితంగా కొలవాలి. కానీ రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఎక్కడని గుర్తు పెట్టుకోవాలి? 1814లో సూర్యకాంతిని ప్రిజం గుండా పంపి టెలిస్కోప్‌తో చూస్తే, రంగుల మధ్య సన్నని నల్ల గీతలు కనిపించాయి. ఐదొందలకు పైగా లెక్కపెట్టి మ్యాప్ గీశాడు. ముఖ్యమైనవాటికి ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెట్టాడు. స్కేలు మీద గుర్తుల్లా వాడుకున్నాడు. అవి ఎందుకున్నాయో మాత్రం తెలియకుండానే 1826లో, 39 ఏళ్లకే, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

జవాబు 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ చెప్పారు. ఒక్కో మూలకం తనవైన కొన్ని రంగుల్ని మింగేస్తుంది. డీ గీతలు సోడియంవి, అంటే మన ఉప్పులో ఉండేదే.

ఇక 2001కి వద్దాం. హెచ్‌డీ 209458బీ అనేది గురుగ్రహం లాంటి వాయుగ్రహం. వేడి వెయ్యి డిగ్రీల పైనే, దాని ఏడాది మన మూడున్నర రోజులు. అది తన నక్షత్రం ముందు నుంచి వెళ్లేటప్పుడు కొంత వెలుతురు గ్రహం గాలి గుండా మన వైపు వస్తుంది. హబుల్ టెలిస్కోప్‌తో చూస్తే సరిగ్గా ఆ డీ గీతల దగ్గరే వెలుతురు ఇంకాస్త తగ్గింది. సౌరకుటుంబం బయటి గ్రహం గాలిలో ఏదైనా పదార్థాన్ని గుర్తించడం అదే మొదటిసారి. అయితే అనుకున్నంత సోడియం కనిపించలేదు. పైనున్న మబ్బులు దాచేసి ఉండొచ్చన్నది ఒక వివరణ.

అంత వేడిలో నీటి మబ్బులు ఉండవు. రాయిలో ఉండే ఖనిజాలే ఆవిరిగా ఉండి, పైకి వెళ్లి చల్లబడి రేణువులవుతాయి. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వాస్ప్-17బీ మబ్బుల్లో క్వార్ట్జ్ రేణువుల్ని పట్టుకుంది. క్వార్ట్జ్ అంటే సిలికా, గాజుకి ముడిసరుకు. ఫ్రాన్‌హోఫర్ బట్టీలో కరిగించింది కూడా అదే.

పుస్తకం ముట్టనివ్వని ఇంట్లో పెరిగిన కుర్రాడు తన పని కోసం పెట్టుకున్న గుర్తులివి. కారణం తెలియకపోయినా ఏ గీత ఎక్కడుందో తప్పు లేకుండా రాసిపెట్టాడు. మిగతాది తర్వాత వచ్చినవాళ్లు చూసుకున్నారు.