డబ్బు మీద నారింజపండ్లు కప్పిన బ్యాంకరు



మీ వాళ్లెవరైనా బే ఏరియాలో ఉంటే, శాన్ ఫ్రాన్సిస్కో డౌన్‌టౌన్‌లో దిగి పంపిన ఫోటోల్లో ముదురు ఎరుపు గ్రానైట్ టవర్ ఒకటి మీ కంట పడే ఉంటుంది. అడ్రసు 555 కాలిఫోర్నియా స్ట్రీట్. 52 అంతస్తులు, 237 మీటర్ల ఎత్తు. 1969లో బ్యాంక్ ఆఫ్ అమెరికా హెడ్డాఫీసుగా పూర్తయింది. ముందున్న ప్లాజాకి ఎ.పి. జియానిని పేరు పెట్టారు. ఆ టవర్‌ని ఆయన చూడలేదు. అప్పటికే ఆయన పోయి 20 ఏళ్లు.

అమాదియో పీటర్ జియానిని 1870లో శాన్ హోసేలో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. ఆరేడేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్నారు. ఒక్క డాలరు దగ్గర వచ్చిన తగాదాలో ఓ పనివాడు ఆయన తండ్రిని కాల్చి చంపాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రిది కూరగాయలు, పండ్ల హోల్‌సేల్ వ్యాపారం. కుర్రాడు టీనేజీలోనే చదువు ఆపేసి అందులో దిగాడు. (మీ పిల్లలకి ఈ భాగం చదివి వినిపించాలా వద్దా అన్నది మీ ఇష్టం!) రైతుల దగ్గరికి తిరిగి సరుకు కొనడంలో ఏ మనిషి మాట మీద నిలబడతాడో పసిగట్టడం నేర్చుకున్నారు.

మామగారు చనిపోయాక ఆయన ఆస్తి వ్యవహారాలు చూస్తూ ఓ బ్యాంకు బోర్డులో కూర్చున్నారు. కూలీలకి, చిన్న దుకాణదారులకి అప్పులివ్వమంటే తోటి డైరెక్టర్లు ఒప్పుకోలేదు. గొడవపడి బయటికొచ్చి, 1904 అక్టోబరులో, మునుపు బార్‌గా నడిచిన గదిలో బ్యాంక్ ఆఫ్ ఇటలీ తెరిచారు. బ్యాంకు గడప తొక్కని వాళ్ల ఇళ్లకి వెళ్లి, పరుపుల కింద దాచుకున్న డబ్బు డిపాజిట్ చేయమని అడిగేవారు. బ్యాంకరు అలా తిరగడం ఆ రోజుల్లో మర్యాద కాదు.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం. వెనకే మంటలు. జియానిని తన బ్యాంకులోని బంగారం, వెండి, దాదాపు 80,000 డాలర్ల సొత్తు, పండ్ల బండ్లలోకి ఎక్కించి, పైన నారింజపండ్ల పెట్టెలు పేర్చి, దొంగల కంట పడకుండా ఊరి బయట తన ఇంటికి చేర్చారు. పెద్ద బ్యాంకుల వాల్టులు కాలి వేడెక్కి ఉన్నాయి, చల్లారేదాకా తెరవడానికి లేదు. ఈయనేమో రేవు దగ్గర రెండు పీపాల మీద ఒక చెక్క వేసి, దాన్నే కౌంటర్ చేసుకుని, ఇల్లు కట్టుకుంటానన్న వాళ్లకి అప్పులివ్వడం మొదలుపెట్టారు. చాలామందికి తాకట్టు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. మనిషిని చూసి, చెయ్యి కలిపి ఇచ్చారు. ఆ అప్పులన్నీ తిరిగొచ్చాయని తర్వాత గర్వంగా చెప్పుకునేవారు.

1911లో స్కూలు పిల్లల కోసం పొదుపు పథకం పెట్టారు. మీ ఇంట్లో పిల్లల డిబ్బీలో ఉండే లాంటి చిల్లరకి కూడా అక్కడ ఖాతా ఉండేది. చిల్లర ఖాతాలని పెద్ద బ్యాంకర్లు లెక్కచేయని కాలం అది.

ఆ తర్వాత ఊరూరా బ్రాంచీలు వచ్చాయి. 1930లో బ్యాంకు పేరు బ్యాంక్ ఆఫ్ అమెరికాగా మారింది. గోల్డెన్ గేట్ వంతెన బాండ్లు కొన్నదీ, డిస్నీ స్నో వైట్ సినిమాకి అప్పిచ్చిందీ ఈ బ్యాంకే. 1945కల్లా ప్రపంచంలోనే అతి పెద్ద వాణిజ్య బ్యాంకు అయింది. జియానిని మాత్రం వేరే క్యాబిన్ వద్దని, అందరికీ కనిపించేలా హాల్లోనే టేబుల్ వేసుకునేవారు. 1949లో చనిపోయేనాటికి ఆయన ఆస్తి 5 లక్షల డాలర్ల లోపే.

ఇక టవర్ సంగతి. 1985లో బ్యాంకు దాన్ని అమ్మేసింది. 1998లో నేషన్స్‌బ్యాంక్‌తో కలిసిపోయాక హెడ్డాఫీసు షార్లెట్ నగరానికి వెళ్లిపోయింది. ప్లాజాలో జపాన్ శిల్పి మసయుకి నగారె చెక్కిన భారీ నల్ల గ్రానైట్ శిల్పం ఉంది. దానికి ఊళ్లోవాళ్లు వెటకారంగా పెట్టిన పేరు బ్యాంకరు గుండె. ఆ నల్లరాయి ఉన్నది జియానిని పేరు పెట్టిన చోటే.