పెరటి పిట్టలనుండి కలివికోడిదాక: జర్డన్ జీవితము

పెన్నానది నందికొండలలో పుట్టి, అనంతపురం మెట్టభూములలో ఇసుకపాయగా సాగి, కడప కొండలను చీల్చుకొని, నెల్లూరు దాటి సముద్రాన్ని చేరుతుంది. ఈ దారిలో వానకు మొగము వాచిన నేలయే హెచ్చు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు; అదైనా అదనుకు కురిస్తే రైతు అదృష్టం. రాళ్లగుట్టలు, రేగుకంపలు, తుమ్మలు, కలివిపొదలు ఇక్కడి సంపద. బాటసారి బీడు అని తలచి దాటిపోయే ఇట్టి నేలలో ఏయే ప్రాణులు బ్రతుకుతున్నవో శ్రద్ధతో చూచి వ్రాసిపెట్టిన తొలివారిలో థామస్ కావర్‌హిల్ జర్డన్ ముఖ్యుడు. ఆయన వృత్తి వైద్యం. పేరు మాత్రం పక్షులవల్ల నిలిచినది.

జర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్‌హామ్ మండలంలో జన్మించినాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుని వద్ద ప్రకృతిశాస్త్రం విని, పిమ్మట వైద్యం అభ్యసించినాడు. కొద్ది ఏండ్లకు ముందు అదే ఆచార్యుని పాఠాలు విన్న మరొక యువకుడు వాటితో మిక్కిలి విసిగిపోయినాడు. అతడు చార్లెస్ డార్విన్. జర్డన్ మాత్రం అక్కడ అంటుకొన్న ఆసక్తిని కడవరకు విడువలేదు. ఒకే పాఠం ఇద్దరు శిష్యులలో రెండు విధాల పనిచేయడం ఉపాధ్యాయులకు కొత్త సంగతి కాదు. ఈస్టిండియా కంపెనీలో సహాయ వైద్యుడుగా కొలువు సంపాదించి, 1836 ఫిబ్రవరిలో జర్డన్ మద్రాసులో దిగినాడు. మొదట గంజాము సీమలో దండువారి జ్వరాలకు మందులిచ్చినాడు. మరుసటి ఏట అశ్వికదళంలో చేరి దక్కను భూములు చూచినాడు.

మజిలీ మజిలీకి ఆయన పక్షులను సేకరించేవాడు. దుర్భిణి ఇంకా చేతికి రాని రోజులవి. పక్షిని గుర్తించడమంటే తుపాకితో కొట్టి చర్మం భద్రపరచడమే. నేటి కంటికి అది క్రూరంగా తోచక మానదు. అట్లు కూడబెట్టిన వాటిని పేర్లు తెలుపుమని స్కాట్లండులోని విలియం జార్డిన్ అనే విద్వాంసునికి పంపగా, అక్కడ చేరేసరికి వాటిని పురుగులు తినివేసినవి. ఇక దూరదేశపు పండితులపై ఆధారపడక, తన కండ్లనే నమ్ముకొని, దక్షిణ భారతపు పక్షుల పట్టికను తానే సిద్ధపరచి 1839 నుండి మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించినాడు. అందులో 420 జాతులున్నవి. అంతకుముందు సైక్స్ దొర దక్కనుకు కూర్చిన పట్టికకు అది ఇంచుమించు రెట్టింపు. 1843 నుండి 1847 వరకు ఏబది రంగుల చిత్రాలతో మరొక గ్రంథం మద్రాసులో వెలువరించినాడు. ఆ బొమ్మలు వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే.

1844 ప్రాంతంలో నెల్లూరుకు వైద్యాధికారిగా రావడం ఆయన జీవితంలో పెద్ద మలుపు. తూర్పుకనుమల అడవులు, కడప గుట్టలు చేరువైనవి. వేటగాండ్రను, పిట్టలు పట్టేవారిని అడిగి తెలుసుకోవడం ఆయనకు అలవాటు. లాటిను పేరుతో పాటు దేశభాషలలోని పేర్లను కూడ ఆయన తన గ్రంథంలో చేర్చినాడు. పసుల వీపున స్వారిచేస్తూ పురుగులనేరే పసులపోలిగాడు, పెరటి చెట్లలో కిచకిచలాడే పిగిలిపిట్ట, పాతగోడ తొర్రలోని పింగళ, చేనిగట్ల కవుంజు, మెట్టనేలల బట్టమేక, అన్నీ తెలుగు పేర్లతోనే అందులో కనిపిస్తవి. పల్లెలో ఏ పసులకాపరి అయినా ఎరిగిన ఈ మాటలు శాస్త్రగ్రంథంలో చోటుచేసుకోవడం ఆనాడు సామాన్య విషయం కాదు. మన నిఘంటువులు చాలవరకు పక్షివిశేషము అని చెప్పి ఊరకొన్న చోట, ఈ పరదేశి ఏ పేరు ఏ పిట్టదో నిశ్చయించి పోయినాడు.

అడవిలో వలెనే ఇంటివద్ద కూడ ఆయన చూపు ఊరకుండేది కాదు. ఆయనకు చీమలపై మక్కువ. దక్షిణ భారతపు చీమలను గూర్చి 1851లో ఒక పత్రం ప్రకటించినాడు. ఎగిరి దూకే ఒక వింత చీమను లోకానికి మొదట పరిచయం చేసినది ఆ పత్రమే. కొన్ని చీమలు గింజలను పుట్టలలో నిలువచేయడం ఆయన తన తోటలోనే కనిపెట్టినాడు. విత్తనాలు చల్లిన కుండలను వ్రేలాడదీయకపోతే ఒక్క రాత్రిలో గింజ మిగిలేది కాదు. గదిలో దాచుకొన్న ఆకుకూర విత్తనాల పొట్లాలను సైతం చీమలు ఆయనకు తెలియకుండనే ఖాళీ చేసినవి. యూరపు శాస్త్రజ్ఞులు ఆ కాలంలో చీమలు ధాన్యం దాచుకొంటవన్న మాటను పురాణకథగా త్రోసివేస్తూ వచ్చినారు. చల్లని దేశపు చీమలకు ఆ అవసరం లేదు మరి. 1873లో మాగ్రిడ్జ్ అనే ఇంగ్లీషువాడు మధ్యధరా తీరాన పుట్టలు త్రవ్వి, చీమల కొట్లను చూపి, జర్డన్ చెప్పినది నిజమేనని స్థాపించినాడు.

మలబారులోని తెల్లిచెర్రిలో పనిచేసిన నాళ్లలో (1847–1851) జరిగిన నీటికుక్క కథ మరింత రమ్యమైనది. పసికూనగా దొరికిన నీటికుక్కను ఆయన ఒక పెంపుడు కుక్కతో కలిపి పెంచినాడు. అది ఆయన వెంట షికారు వచ్చేది. నీరు కనబడితే దూకి కప్పలను, చేపపిల్లలను పట్టేది. పెరిగినకొద్దీ దానికి స్వేచ్ఛ ఎక్కువైనది. ఒకనాడు బజారుకు పోయి మాపిళ్ల బేరగాని పెద్దచేపను లాగుకొన్నది. వాడు అడ్డుపడగా ఎదురుతిరిగి భయపెట్టినది. తరువాత అదే వృత్తియైపోయినది. డాక్టరుగారు దాని భోజనానికి తరచు అధికంగానే చెల్లించవలసి వచ్చేది. విసిగి, దానిని పెట్టెలో పెట్టి, పడవమీద ఏడెనిమిది మైళ్లు కొనిపోయి, నీరు నిలిచిన వరిపొలాలలో విడిచి, వేరొక దారిని తిరిగివచ్చినాడు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు పట్టణంలో పీర్లపండుగ చూస్తుండగా, నీటికుక్క ఆ పందిటిలోనికి నడిచివచ్చి ఆయన పాదాలవద్ద పడుకొన్నది. జంతువుకు దిక్కు ఎట్లు తెలిసెనో ఆయన సిద్ధాంతం చేయలేదు. చూచినది చూచినట్లు వ్రాసి ఊరకొన్నాడు.

గిజిగాని గూటిని గూర్చి మన పిల్లలకొక కథ తెలుసు: లోపల తడిమట్టి ముద్దలు పెట్టి, మిణుగురులను అతికించి, దీపం వెలిగించుకొంటుందట. జర్డన్ ఈ కథను నమ్మనూ లేదు, నవ్వి విడువనూ లేదు. రంగూనులో ఒక గూటిని విప్పి చూడగా ఆరుచోట్ల కలిపి మూడు ఔన్సుల మట్టి, అనగా సుమారు ఏడు తులాలు, ఉన్నది. గాలికి గూడు ఊగిపోకుండ తూకం నిలుపుటకే ఆ మట్టి అని ఆయన ఊహ. ఊహ సరియైనదా అన్నది వేరు మాట. మట్టిని తూచి చూడవలెనని తోచడమే విశేషం. ఆ రంగూనులోనే ఆయన బసచేసిన ఇంటి చూరుకు గిజిగాండ్లు కొన్ని ఏప్రిల్ చివర గూళ్లల్లడం మొదలుపెట్టినవి. ఆగస్టులో మరల వచ్చి చూస్తే ఇంటిచుట్టూ నూటికి పైగా గూళ్లు వ్రేలాడుతున్నవి. మనదేశంలో తాను గిజిగాని గూటిని చెట్లకే గాని ఇండ్లకు చూడలేదని కూడ ఆయన వ్రాసినాడు.

1857 సంక్షోభకాలంలో జర్డన్ సాగరులో దళవైద్యుడు. తరువాత కానింగ్ ప్రభువు అనుమతితో గ్రంథరచనకు తీరిక లభించి, 1862–64 సంవత్సరాలలో భారతదేశపు పక్షుల గ్రంథం వెలువడినది. వెయ్యికి మించిన జాతులను ఒక్కచోట చేర్చిన ఆ గ్రంథమే తరువాతివారికి పునాది. 1867లో క్షీరదాల గ్రంథం అచ్చయినది. 1868లో ఉద్యోగం విరమించి, 1870లో స్వదేశం చేరి, 1872 జూన్ 12న మరణించినాడు.

నెల్లూరు, కడప గుట్టలలో ఆయనకు దొరికిన ఒక చిన్నపక్షి కథ మాత్రం ఆయనతో ముగియలేదు. మెడ క్రింద ఎరుపు మచ్చ, రొమ్ముపై రెండు గోధుమ పట్టెలు, పొడవైన కాళ్లు. 1848లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను చూచుకొంటున్న ఎడ్వర్డ్ బ్లైత్ దానిని శాస్త్రలోకానికి ప్రకటించినాడు. మనవారికి అది కలివికోడి. ఇంగ్లీషువారు దానికి జర్డన్ పేరే పెట్టినారు. తరువాత గోదావరి లోయలో బ్లాన్‌ఫర్డ్, 1900లో అనంతపురం సమీపాన హవర్డ్ క్యాంప్‌బెల్ దానిని చూచినట్లు తెలిపినారు. అటు పిమ్మట ఎనుబదియైదేండ్లు అది ఏ శాస్త్రజ్ఞుని కంటా పడలేదు. అంతరించినదనే పలువురు తలచినారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద ఒక స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పక్షిని పట్టినాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి అన్వేషణ ఫలించినది. అది రాత్రించరం కావడమే ఇన్నేండ్ల మరుగుకు చాలవరకు కారణం. వెదకినవారు వెదకినది పగలు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. తరువాత తెలుగుగంగ కాలువ దారిని సైతం ఈ పక్షికోసం మార్చవలసి వచ్చినది.

2013లో స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు సేకరణలో ఒక గుడ్డు బయటపడినది. అనంతపురానికి దక్షిణాన కోలారు బంగారుగనులవద్ద పశువైద్యుడుగా ఉన్న మీటన్ 1917లో సేకరించినది అది. పరీక్షలో అది కలివికోడి గుడ్డేనని తేలినది. అప్పటికి లోకానికి తెలిసిన గుడ్డు అదొక్కటే. చూరుకు వ్రేలాడే గిజిగాని గూళ్లను లెక్కించి, లోపలి మట్టిని తూచిన జర్డన్, తన పేరు ధరించిన ఈ పక్షి గూటిని వర్ణించి పోలేదు.