చేతులు కడుక్కోమన్న డాక్టరు – సెమ్మెల్వైస్

గోడపత్రికలో ఎక్కువగా పోరాట వీరుల గురించే రాస్తుంటాం. ఈసారి నేను ఒక డాక్టరు గురించి రాస్తున్నాను. ఆయన చెప్పింది చాలా చిన్న మాట. రోగిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి అన్నాడు. ఆ మాటకే నానా కష్టాలు పడ్డాడు.

ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్. 1818 జూలై 1న హంగేరీలోని బుడా పట్టణంలో పుట్టాడు. 1844లో వియన్నాలో డాక్టరయ్యాడు. 1846లో అక్కడి పెద్దాసుపత్రి కాన్పుల విభాగంలో ఉద్యోగంలో చేరాడు.

అక్కడ రెండు కాన్పుల వార్డులుండేవి. మొదటి దాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండో దాంట్లో మంత్రసానులు. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. రెండో వార్డులో 3 మంది లోపే. చాలావరకు బాలింత జ్వరమే కారణం. ఈ సంగతి ఊళ్ళో ఆడవాళ్ళకీ తెలుసు. మొదటి వార్డు వద్దని ఏడ్చి బతిమాలేవారట.

పెద్ద చదువులు చదివిన వాళ్ళ దగ్గరే ఎక్కువ మంది ఎందుకు చనిపోతున్నారు? సెమ్మెల్వైస్‌కి నిద్ర పట్టలేదు. గాలి చూస్తే రెండు చోట్లా ఒకటే. జనం కిక్కిరిసి ఉండేది రెండో వార్డులోనే. ఒక్కొక్క కారణాన్నీ కొట్టేసుకుంటూ పోయాడు.

1847లో ఆయన స్నేహితుడు ప్రొఫెసర్ కొలెచ్కాకి శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి కత్తి వేలికి గీసుకుంది. కొద్దిరోజులకే ఆయన చనిపోయాడు. ఆయన శరీరంలో కనిపించిన లక్షణాలు బాలింతల్లో కనిపించినవే! అప్పుడు అర్థమైంది. డాక్టర్లు శవాలను కోసి, అవే చేతులతో వచ్చి పురుళ్ళు పోస్తున్నారు. మంత్రసానులు శవాలను ముట్టుకోరు. సూక్ష్మక్రిములే జబ్బు తెస్తాయని అప్పటికింకా రుజువు కాలేదు. సబ్బుతో కడిగినా చేతులకి శవం వాసన పోవడం లేదు కాబట్టి, ఏదో అంటుకునే ఉందని ఆయన గ్రహించాడు.

1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడగాలని నిబంధన పెట్టాడు. అదేదో కాదు, మనం బావిలో వేసే బ్లీచింగ్ పౌడరే! ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోతే, జూన్‌లో ఇద్దరికి తగ్గింది. 1848లో రెండు నెలలైతే ఒక్క తల్లీ చనిపోలేదు.

అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తమ చేతులే తల్లుల ప్రాణం తీశాయని ఒప్పుకున్నట్టే కదా! సెమ్మెల్వైస్ కూడా శవాలు కోసినవాడే. తన చేతుల వల్ల ఎందరు పోయారో దేవుడికే తెలుసని బాధపడ్డాడు, కానీ నిజాన్ని దాచలేదు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

1849లో ఆయన ఉద్యోగం పొడిగించలేదు. 1850లో పెస్ట్ నగరం వెళ్ళిపోయాడు. అక్కడి ఆసుపత్రిలో 6 ఏళ్ళలో 933 కాన్పులకు 8 మందే ఈ జ్వరంతో చనిపోయారు. 1861లో పుస్తకం రాశాడు. ఎదిరించినవాళ్ళకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. చివరికి మతి చెడిందని 1865లో పిచ్చాసుపత్రిలో చేర్చారు. రెండు వారాలకే, ఆగస్టు 13న, పుండు చీము పట్టి చనిపోయాడు. అప్పటికి 47 ఏళ్ళు.

తర్వాత పాశ్చర్, లిస్టర్ల పరిశోధనలతో ఆయన మాట నిజమని లోకం ఒప్పుకుంది. ఇప్పుడు రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత కూడా చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్లౌజులు వేసుకున్నా సరే, కడుక్కోవాల్సిందే.

మన గూడేల్లో ఇంటి దగ్గర కాన్పు జరిగితే సబ్బు, శుభ్రమైన నీళ్ళు, కొత్త బ్లేడు ఉండేట్టు చూద్దాం. సెలవులకు వెళ్ళినప్పుడు ఈ కథ ఇంట్లో చెప్పండి. మెస్ కుళాయి దగ్గర ఎప్పుడూ సబ్బు ఉంచమని వార్డెన్ సార్‌ని కోరుతున్నాను.

– 9వ తరగతి విద్యార్థి