ఇన్‌స్పెక్టర్ డెరిక్ చెప్పని సంగతి

మన కాలేజీలో ఎమ్మెస్ కోసం జర్మన్ నేర్చుకునే బ్యాచ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా. వాళ్ళకో చిన్న పని. రేపు అక్కడికెళ్ళాక యాభై దాటిన జర్మన్ ఎవరైనా పరిచయమైతే, ఊరికే డెరిక్ పేరెత్తి చూడండి. పొడుగాటి మనిషి, ఒంటిమీద రెయిన్‌కోటు, కళ్ళ కింద ఉబ్బిన సంచులు, గొంతు పెంచకుండా అడిగే ప్రశ్నలు... ఇవన్నీ ఆయన కళ్ళ ముందు మెదులుతాయి. ఆ మనిషి పేరు హోర్స్ట్ టాపెర్ట్.

1923 మే 26న ఎల్బర్‌ఫెల్డ్‌లో పుట్టాడు. ఇప్పుడది వుప్పర్టాల్ నగరంలో ఒక భాగం. సినిమా కుటుంబమూ కాదు, నాటకాల కుటుంబమూ కాదు. స్కూలయ్యాక వ్యాపార లెక్కల పనిలో శిక్షణకు చేరాడు. ఇంతలో యుద్ధం. యుద్ధం అయ్యేసరికి ఖైదీల శిబిరంలో ఉన్నాడు. విడుదలయ్యేనాటికి వయసు ఇరవై రెండు. దేశం శిథిలం. చేతిలో ఉన్నదల్లా లెక్కలు రాయడం ఒక్కటే.

స్టెండాల్ అనే చిన్న ఊళ్ళో నాటకశాల ఉంది. అక్కడ అకౌంటెంట్ ఉద్యోగం కోసం వెళ్ళాడు. వెళ్ళింది పద్దులు రాయడానికి, ఎక్కింది స్టేజీ! సివిల్ చదివి కోడింగ్ చేస్తున్న మన సీనియర్లకి ఇది వింతగా అనిపించదులెండి. నటనలో డిగ్రీ లేదు, డిప్లొమా లేదు. అక్కడే చూసి, అక్కడే నేర్చుకుని 1945లోనే ముఖానికి రంగేసుకున్నాడు.

ఆ తర్వాత పదేళ్ళూ ఊరూరూ తిరుగుడే. గోటింగెన్, కాస్సెల్, బాన్. జర్మనీలో నాటకరంగం మన సురభి వాళ్ళలా డేరా భుజాన వేసుకుని తిరిగేది కాదు. ప్రతి నగరానికీ సొంత నాటకశాల, అందులో జీతానికి నటులు ఉంటారు. ఒక రాత్రి హాస్యం, మర్నాడు విషాదం, ఏది ఇస్తే అది చెయ్యాలి. అలా అరిగి అరిగి 1956లో మ్యూనిక్ కామర్‌ష్పీలె చేరాడు. దేశంలో పేరున్న నాటకశాలల్లో అదొకటి. అక్కడ పదకొండేళ్ళు ఉన్నాడు. నాటకాలు చూసేవాళ్ళకి తెలిసిన ముఖమే గానీ, వీధిలో ఆపి ఆటోగ్రాఫ్ అడిగేంత కాదు.

1966లో ఆ లోటు తీరింది. 1963 ఆగస్టులో ఇంగ్లండులో దొంగలు మెయిల్ రైలు ఆపి 26 లక్షల పౌండ్లు ఎత్తుకుపోయారు. ఆ కథని జర్మన్ టీవీ మూడు భాగాలుగా తీసింది. దొంగల నాయకుడు టాపెర్ట్. అది వచ్చిన రాత్రుల్లో వీధులు ఖాళీ అయ్యేవట. మన దగ్గర ఆదివారం పొద్దున రామాయణం వచ్చినప్పుడు అమ్మమ్మలు చెప్పే పరిస్థితి అనుకోండి. తమాషా ఏంటంటే, దొంగగా పేరొచ్చాక అందరూ ఆయన్ని పోలీసుగా పిలవడం మొదలుపెట్టారు. ఎడ్గార్ వాలెస్ కథల సినిమాల్లో స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ వేషం వేశాడు. అవి ఇప్పుడు చూస్తే కొంచెం నవ్వొస్తుంది, వదిలేద్దాం.

1974 అక్టోబర్ 20. జెడ్‌డిఎఫ్ ఛానెల్లో డెరిక్ మొదటి భాగం వచ్చింది. 1998 అక్టోబర్‌లో చివరిది. మొత్తం 281 భాగాలు, అన్నిటికీ రచయిత ఒక్కడే, హెర్బర్ట్ రైనెకర్. టాపెర్ట్ పక్కన అసిస్టెంట్ హ్యారీ క్లైన్‌గా ఫ్రిట్స్ వెపర్ మొదటి నుంచి చివరిదాకా ఉన్నాడు. కారు తీసుకురమ్మని హ్యారీకి డెరిక్ చెప్పే డైలాగు జర్మనీ అంతటా సామెత అయిపోయింది. సీరియల్లో ఎక్కడా అవే మాటలతో ఆ డైలాగు లేదట, అది వేరే సంగతి.

నేను యూట్యూబ్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని కొన్ని భాగాలు చూశాను. మొదట విసుగొచ్చింది. ఛేజింగ్ లేదు, ఫైటు లేదు. డబ్బున్నవాళ్ళ ఇల్లు, సోఫా, ఎదురుగా డెరిక్. అతను ఏదో ఒకటి అడుగుతాడు. అవతలివాడు అబద్ధం చెప్తాడు. డెరిక్ మాట్లాడడు, అలా చూస్తూ ఉంటాడు, అంతే. ఆ మౌనం భరించలేక వాడే నోరు విప్పుతాడు. టాపెర్ట్ నటన మొత్తం ఆ చూపులో ఉంది. ఇరవై ఏళ్ళు స్టేజీ మీద గడిపినవాడు చెయ్యి కూడా కదపకుండా నిలబడటం తేలికేం కాదు. ఉంబెర్తో ఎకో లాంటి పెద్ద రచయిత కూడా, ఇంత మామూలు సీరియల్‌ని జనం ఎందుకింత ప్రేమించారా అని వ్యాసం రాశాడు.

అది వందకు పైగా దేశాలకు అమ్ముడైంది. యుద్ధంలో జర్మనీ ఆక్రమించిన దేశాలే మళ్ళీ ఈ జర్మన్‌ని ఇళ్ళలోకి పిలుచుకున్నాయి. నార్వే అలాంటిదే. టాపెర్ట్‌కి అక్కడ హామరేయిలో సెలవుల ఇల్లు కూడా ఉండేది. బవేరియా పోలీసులు ఆయన్ని గౌరవ కమిషనర్‌ని చేశారు. ప్రపంచానికి మంచి జర్మన్ అంటే ఎలా ఉంటాడో డెరిక్ అలా ఉన్నాడు.

2008 డిసెంబర్ 13న మ్యూనిక్ దగ్గర ప్లానెగ్‌లో పోయాడు. వయసు ఎనభై ఐదు.

అసలు కథ ఆ తర్వాతది. 2013 వసంతంలో యోర్గ్ బెకర్ అనే సామాజిక శాస్త్రవేత్త వేరే ఎవరి గురించో పాత సైనిక రికార్డులు వెతుకుతుంటే టాపెర్ట్ పేరు తగిలింది. 1943లో టోటెన్‌కోఫ్ రెజిమెంటులో సైనికుడు. ఆ పేరుకి అర్థం పుర్రె. హిట్లర్ ఎస్‌ఎస్ దళాల్లోని ఆ డివిజన్‌ని మొదట నిర్బంధ శిబిరాల కాపలావాళ్ళతోనే కట్టారు. బతికున్నప్పుడు యుద్ధం సంగతొస్తే టాపెర్ట్ చెప్పింది వేరు: సైన్యంలో వైద్య సహాయకుడిగా ఉన్నానని, తర్వాత ఖైదీగా చిక్కానని. ఎస్‌ఎస్ మాట ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

ఇక్కడ ఒక మాట ఆయన వైపు నుంచి కూడా చెప్పాలి. అప్పటికి ఆయనకి ఇంకా ఇరవై నిండలేదు, అంటే మన సెకండియర్ వయసు. ఇష్టపడి చేరాడా, బలవంతాన చేర్చారా అన్నది ఆ కాగితాలు తేల్చలేదు. 1943 నాటికి ఎస్‌ఎస్‌లోకి బలవంతంగా లాగిన కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంకోటి కూడా ఉంది. డెరిక్ రాసిన రైనెకర్ ఎస్‌ఎస్‌కి యుద్ధ విలేఖరిగా పనిచేశాడన్న సంగతి ముందే తెలుసు. అయినా సీరియల్ ఆగలేదు.

నాకు కోపం ఆయన పంతొమ్మిదేళ్ళ వయసు మీద కాదు, ఆ తర్వాతి అరవై ఏళ్ళ మీద. ప్రతి భాగంలో ఎవడో ఒకడి ఎదురుగా కూర్చుని, వాడు దాచుకున్నది వాడి నోటితోనే చెప్పించే వేషం వేస్తూ, ఇంటికెళ్ళి తనది తాను మడిచి పెట్టుకోవడం ఎలా కుదిరిందో నాకు అర్థం కాదు. ఆయన మళ్ళీ ఏదో ఒక సీన్లో అలా మౌనంగా చూస్తుంటే, ఇప్పుడు నా చూపు దొంగ మీదికి పోవట్లేదు.

ఆ వార్త వచ్చిన కొన్ని రోజులకే జెడ్‌డిఎఫ్ వాళ్ళు ఇక డెరిక్ పాత భాగాలు వెయ్యబోమని ప్రకటించారు. నెదర్లాండ్స్‌లో మళ్ళీ వేద్దామనుకున్న ఛానెల్ కూడా మానుకుంది.