కండరాల కబురు విన్న శాస్త్రవేత్త

ఈసారి మన గోడపత్రికలో సర్ చార్లెస్ షెర్రింగ్టన్ గారి జీవితం రాస్తున్నాను. మన ఒళ్ళు ఎలాగ కదులుతుందో లోకానికి తెలియజేసిన ఇంగ్లాండు శాస్త్రవేత్త ఆయన.

షెర్రింగ్టన్ గారు 1857 నవంబరు 27న లండన్‌లో పుట్టారు. ఇప్స్‌విచ్ అనే ఊరిలో పెరిగి అక్కడే బడిలో చదువుకున్నారు. ఆయనకి ఆటలంటే చాలా ఇష్టం. ఫుట్‌బాల్ ఆడేవారు, పడవ నడిపేవారు. తరువాత లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోనూ, కేంబ్రిడ్జిలోనూ వైద్యం చదివారు.

1885లో స్పెయిన్ దేశంలో కలరా వచ్చింది. కలరా అంటే అందరూ పారిపోయే రోజులవి. ఆయన మాత్రం ఆ జబ్బు సంగతి తెలుసుకోవడానికి అక్కడికే వెళ్ళారు. తరువాత బెర్లిన్ వెళ్ళి రాబర్ట్ కాక్ గారి దగ్గర సూక్ష్మజీవుల గురించి నేర్చుకున్నారు. 1890లలో ఆయన బంధువుల బాబుకి డిఫ్తీరియా వచ్చి గొంతు మూసుకుపోయింది. షెర్రింగ్టన్ గారు గుర్రం రక్తం నుంచి తీసిన సీరం ఆ బాబుకి ఇచ్చారు. బాబు బతికాడు. ఇంగ్లాండులో ఆ మందు వాడడం అప్పటికి చాలా కొత్త.

ఇక ఆయన అసలు పని గురించి చెప్తాను. ముందు మీరందరూ ఒకసారి కళ్ళు మూసుకోండి. చూపుడు వేలితో ముక్కు కొన ముట్టుకోండి. ముట్టుకున్నారు కదా! కళ్ళు మూసి ఉంటే వేలు ఎక్కడ ఉందో మీకు ఎవరు చెప్పారు?

ఆ రోజుల్లో చాలామంది కండరం అంటే పనివాడు అనుకునేవాళ్ళు. మెదడు ఆజ్ఞ ఇస్తుంది, కండరం చేస్తుంది, అంతే అనుకునేవాళ్ళు. కండరం లోపల కదురు ఆకారంలో చాలా సన్నని భాగాలు ఉన్నాయని తెలుసు గాని, అవి ఎందుకున్నాయో సరిగా తెలీదు. 1894లో షెర్రింగ్టన్ గారు దీన్ని తేల్చారు. కండరాన్ని కదిలించే నాడులను వెన్నుపాము దగ్గర కోసి, అవి ఎండిపోయేదాకా ఆగి చూశారు. అయినా కండరానికి పోయే నాడిలో మూడో వంతు నుంచి సగం దాకా పోగులు బాగానే ఉన్నాయి. అవి ఆజ్ఞలు తెచ్చేవి కాదు, కండరం నుంచి కబురు మోసుకుపోయేవి! కొన్ని పోగులు ఆ కదుర్ల దగ్గరకే వెళ్ళాయి. కండరం ఎంత సాగిందో ఆ కదుర్లు వెన్నుపాముకి, మెదడుకి చెప్తూ ఉంటాయి. అందుకే కళ్ళు మూసినా వేలు ముక్కు దగ్గరకే పోతుంది.

మా అమ్మ బడికి పోలేదు. నెత్తి మీద రెండు బిందెలు పెట్టుకొని గట్టు ఎక్కుతూ మాతో మాట్లాడుతుంది. నీళ్ళు ఒలకవు. ఆమె మెడ, నడుము, కాళ్ళు ప్రతి అడుగుకీ కబురు పంపుతున్నాయి, ఒళ్ళు సర్దుకుంటోంది. ఇది చదివాకనే నాకు అర్థమైంది.

1895 నుంచి ఆయన లివర్‌పూల్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఇంకో సంగతి అక్కడ బాగా పరిశీలించారు. మనం మోకాలు చాపాలంటే తొడ ముందు కండరం బిగియాలి, వెనక కండరం వదలాలి. రెండూ ఒకేసారి బిగిస్తే కాలు కదలదు. ఒకదాన్ని బిగించమన్నప్పుడే రెండోదాన్ని ఆగమని వెన్నుపాము చెప్తుందని ఆయన చూపించారు. డాక్టరు గారు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది కదా, అప్పుడు ఇదే జరుగుతుంది. కండరం సాగుతుంది, కబురు వెన్నుపాముకి పోతుంది, మెదడు చెప్పకముందే కాలు లేస్తుంది. దీన్నే ప్రతీకార చర్య అంటారు. 1924లో లిడెల్ గారితో కలిసి సాగిన కండరం తనంతట తాను బిగుసుకోవడం గురించి ఇంకా వివరంగా రాశారు. మనం నిలబడి ఉన్నప్పుడు కూలిపోకుండా ఉండడానికి కూడా ఇది సాయం చేస్తుంది.

ఒక నాడీకణం ఇంకో నాడీకణాన్ని కలిసే చోటుకి 1897లో సైనాప్స్ అనే పేరు వచ్చింది ఆయన వల్లనే. 1906లో ఆయన రాసిన పెద్ద పుస్తకం వచ్చింది.

ఆయన ప్రయోగాలు పిల్లుల మీద, కోతుల మీద చేశారు. అది చదివినప్పుడు నాకు బాధ అనిపించింది. మనకి వచ్చిన ఈ తెలివి వెనక ఆ మూగజీవాలు కూడా ఉన్నాయి. అది మనం మరచిపోకూడదు.

1913లో ఆయన ఆక్స్‌ఫర్డుకి వెళ్ళారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో, 57 ఏళ్ళ వయసులో, అంత పెద్ద ప్రొఫెసరు బర్మింగ్‌హామ్‌లో గుండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో మూడు నెలలు కూలివాడిలాగ పనిచేశారు. పొద్దున్న నుంచి రాత్రి దాకా పని చేస్తే మనిషి ఎలాగ అలసిపోతాడో తన ఒంటి మీదే చూసుకున్నారు. కార్మికుల అలసట గురించి ఏర్పడిన ప్రభుత్వ సంఘానికి తరువాత అధ్యక్షుడయ్యారు. ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కండరం గురించి ప్రయోగశాలలో తెలుసుకున్నాయన, కండరాలు అరగదీసుకొని బతికే వాళ్ళ పక్కన కూడా నిలబడ్డారు.

1932లో ఆయనకి, ఎడ్గార్ ఏడ్రియన్ గారికి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయనకి దాదాపు 75 ఏళ్ళు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్లోరీ, ఎకిల్స్, గ్రానిట్ గార్లకి కూడా తరువాత నోబెల్ వచ్చింది. ఆయన కవిత్వం కూడా రాశారు. 1952 మార్చి 4న 94 ఏళ్ళ వయసులో చనిపోయారు.

ఆ పని ఆయనతో ఆగిపోలేదు. కండరం సాగితే నాడికి ఎలాగ తెలుస్తుందో చూపే పీజో 2 అనే ప్రోటీన్‌ని ఆర్డెమ్ పటపూటియన్ గారి బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ ప్రోటీన్ పుట్టుకతోనే సరిగా లేని వాళ్ళు కళ్ళు మూసుకుంటే సరిగా నడవలేరు.

మిత్రులారా, ఒంటి పని చేసేవాళ్ళని తెలివి లేనివాళ్ళు అని ఎవరైనా అంటే, షెర్రింగ్టన్ గారి సంగతి చెప్పండి. పని చేసే చేతిలో కూడా కబురు ఉంది. దాన్ని ఆయన విన్నారు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని