ఓటో మేయర్‌హోఫ్

ఓటో ఫ్రిట్జ్ మేయర్‌హోఫ్ (ఏప్రిల్ 12, 1884 - అక్టోబర్ 6, 1951) జర్మనీలో జన్మించిన ప్రముఖ వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలలో ఆక్సిజన్ వినియోగానికీ, లాక్టిక్ ఆమ్లపు జీవక్రియకూ గల సంబంధాన్ని కనుగొన్నందుకు 1922 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఆంగ్లేయుడైన ఆర్చిబాల్డ్ హిల్‌తో కలసి పొందాడు. గ్లూకోజ్ విచ్ఛిన్నమయ్యే గ్లైకాలిసిస్‌లో మొదటి చర్యను జరిపించే హెక్సోకైనేజ్ అనే ఎంజైమును గుర్తించినది కూడా ఈయనే.

బాల్యం, విద్య

మేయర్‌హోఫ్ హానోవర్ నగరంలో ఒక సంపన్న యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు బెట్టీనా, ఫెలిక్స్. పదహారవ యేట మూత్రపిండాల వ్యాధి సోకి చాలాకాలం మంచానికే పరిమితమయ్యాడు. 1909లో హైడెల్‌బర్గ్‌లో వైద్య పట్టా పొందాడు. మొదట మనస్తత్వ, తత్త్వ శాస్త్రాలపై మక్కువ చూపినా, ఓటో వార్‌బర్గ్ పరిచయంతో కణాల రసాయన శాస్త్రం వైపు మళ్ళాడు. 1912లో కీల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1914లో హెడ్విగ్ షాలెన్‌బర్గ్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు సంతానం.

పరిశోధనలు

ఆక్సిజన్ లేనపుడు కండరంలోని గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుందనీ, ఆక్సిజన్ లభించగానే ఆ ఆమ్లంలో కొంత భాగమే దహనమై మిగిలినది తిరిగి గ్లైకోజన్‌గా మారుతుందనీ కప్ప కండరాలపై ప్రయోగాలతో నిరూపించాడు.

తరువాత బెర్లిన్‌లో కణరహితమైన కండర సారాన్ని తయారుచేశాడు. ఈ సారం గ్లైకోజన్‌ను విచ్ఛిన్నం చేసింది కాని, గ్లూకోజ్‌ను చేయలేకపోయింది. ఈస్ట్ నుండి తీసిన ఒక పదార్థాన్ని కలుపగానే ఆ పని కూడా జరిగింది. ఆ పదార్థానికే 1927లో హెక్సోకైనేజ్ అని పేరు పెట్టాడు. 1929లో హైడెల్‌బర్గ్‌లోని కైజర్ విల్‌హెల్మ్ వైద్య పరిశోధనా సంస్థకు మారాడు.

హెక్సోకైనేజ్

ఈ ఎంజైము నిర్మాణం మేయర్‌హోఫ్ మరణానంతరం ఎక్స్-కిరణాల సాయంతో తెలిసింది. దీని అణువులో రెండు భాగాలు, వాటి మధ్య ఒక లోతైన చీలిక ఉంటాయి. గ్లూకోజ్ చీలికలో చేరగానే రెండు భాగాలూ దగ్గరకు వచ్చి దానిని కప్పివేస్తాయి. అపుడు మెగ్నీషియం సమక్షంలో ఎ.టి.పి.లోని ఒక ఫాస్ఫేట్ గ్లూకోజ్ ఆరవ కార్బన్‌కు చేరి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఏర్పడుతుంది. ఇది కణత్వచం దాటి బయటకు పోలేదు. క్షీరదాలలో ముఖ్యంగా నాలుగు రకాల హెక్సోకైనేజ్‌లు ఉన్నాయి. కాలేయం, క్లోమాలలో ఉండే నాలుగవ రకాన్ని గ్లూకోకైనేజ్ అంటారు.

సిద్ధాంతంలో మార్పు

కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని మేయర్‌హోఫ్, హిల్ భావించారు. అయితే 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను కనుగొన్నారు. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే, ఈ ఫాస్ఫేట్ శక్తితో కండరం సంకోచించగలదని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ చూపాడు. నోబెల్ బహుమతి వచ్చిన తరువాత తన భావన తప్పని తేలినా, మేయర్‌హోఫ్ దానిని పట్టుకొని ఉండక కొత్త ఫలితాలను అంగీకరించి, ఫాస్ఫేట్ సమ్మేళనాలపై పరిశోధన కొనసాగించాడు. 1929లో ఈయన సహాయకుడు కార్ల్ లోమాన్ ఎ.టి.పి.ని కనుగొన్నాడు. అదే సంవత్సరం ఫిస్కే, సుబ్బారావు కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు.

ప్రవాసం, మరణం

నాజీల పాలనలో యూదులపై వేధింపులు పెరగడంతో 1938లో జర్మనీ విడిచి పారిస్ చేరాడు. 1940లో జర్మన్ సేనలు ఫ్రాన్సును ఆక్రమించగా, వేరియన్ ఫ్రై నడిపిన సహాయక సంఘం తోడ్పాటుతో పిరనీస్ పర్వతాలు దాటి, స్పెయిన్ మీదుగా అమెరికా వెళ్ళాడు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1944లో గుండెపోటు వచ్చినా పరిశోధన మానలేదు. 1951 అక్టోబర్ 6న మరొక గుండెపోటుతో ఆ నగరంలోనే మరణించాడు.

ఈయన ప్రయోగశాలలో పనిచేసిన ఫ్రిట్జ్ లిప్‌మాన్ (1953), సెవెరో ఒచోవా (1959) తరువాత నోబెల్ బహుమతులు పొందారు. గ్లైకాలిసిస్‌ను గుస్తావ్ ఎంబ్డెన్, మేయర్‌హోఫ్, యాకుబ్ పార్నాస్‌ల పేర్ల మీద ఎంబ్డెన్-మేయర్‌హోఫ్-పార్నాస్ పథం అని కూడా పిలుస్తారు.